గోడవైపు కూర్చున్న పిల్ల

ఆళ్లగడ్డ,
7-7-1957

పూజ్యులైన నాగేశ్వరమ్మగారికి మీ శిష్యురాలు లూదియా వందనాలు.

మీ దగ్గర ట్రైనింగు ముగించి వచ్చి మూడు నెలలైంది. ఇక్కడి ఎలిమెంటరీ బడిలో నాకు అయిదో తరగతి ఇచ్చారు. నలభై ఒక్కమంది పిల్లలు. బెత్తం బల్లమీద సిద్ధంగా పెట్టి మరీ అప్పగించారు. నేను దాన్ని బీరువా వెనక పడేశాను. ఈ సంగతి ఇంకా హెడ్మాష్టరుగారికి తెలియదు.

ఇప్పుడు రాస్తున్నది యశోద అనే పిల్లను గురించి. పదకొండేళ్లు. శిరివెళ్ల పక్కనుంచి వచ్చి ఇక్కడ బాడుగకున్న రైతు శేషారెడ్డిగారి కూతురు. తల్లి పోయిన సంవత్సరం బావిలో కాలుజారి పోయిందట. తండ్రి, అవ్వ ఉన్నారు. ఈ పిల్ల తరగతిలోకి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నల్లబల్లకు, నాకు, తోటి పిల్లలకు వీపు పెట్టి. ఎవరితోనూ మాట్లాడదు. బలవంతంగా భుజం పట్టి ఇటు తిప్పితే అరవదు, ఏడవదు, ఉన్నచోటనే పావడా తడుపుకుంటుంది. పోయిన ఏడు ఉన్న పంతులు రోజూ కొట్టాడట. హెడ్మాష్టరు నరసింహులుగారు, “పొగురమ్మా, రైతుబిడ్డ పొగురు. నాలుగు తగిలిస్తే అదే తిరుక్కుంటాది” అంటారు. వాళ్ల అవ్వ గాలి సోకిందని తాయెత్తు కట్టింది.

పిల్ల అల్లరి చేస్తే దాని వెనక కారణం ఉంటుంది, ముందు చూడండి, తర్వాత రాయండి, చివరికి మాట్లాడండి అని మీరు చెప్పేవారు. ఈ పిల్ల అల్లరి చేయదు. నేను ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

లూదియా

*

నంద్యాల,
14-7-1957

చి. లూదియాకు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బెత్తం సంగతి చదివి నవ్వుకున్నాను. తర్వాత, బెత్తం వద్దని నీకు చెప్పినదాన్ని నేను ఇరవై ఏళ్లలో ఒక్క బెత్తమైనా పారేశానా అనుకున్నాను. నా చేతిలో ఎప్పుడూ చాక్పీసే గదా. పారేయాల్సిన అవసరం రాలేదు.

మొదలు ఎక్కడంటావు. మొదలు పరిశీలన పుస్తకమే. ఒక్కో రోజుకు ఒక్కో పుట. పిల్ల ఎప్పుడు వచ్చింది, ఎక్కడ కూర్చుంది, ఏ శబ్దానికి ఉలిక్కిపడింది, ఏం తినింది. నీ అభిప్రాయం రాయవద్దు. చూసింది రాయి, విన్నది విన్నట్టు రాయి. తిప్పడానికి ప్రయత్నించకు. నెల తర్వాత నాకు పంపు, కలిసి ఆలోచిద్దాం.

మదరాసులో నేను చదివిన సైకాలజీ పుస్తకాల్లో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. అంతా దొరల పిల్లలు, వాళ్ల పేర్లు వేరు, వాళ్ల ఇళ్లలో పొగగొట్టాలు, పెంపుడు కుక్కలు. నాకు పిల్లలు లేరు. ఉన్నదంతా ఆ పుస్తకాల ఎరుకే. దాన్నే మీకు పంచాను. అది నీ యశోదకు పనికొస్తుందో లేదో నువ్వే నాకు చెప్పాలి.

నీ మేలుకోరే,
నాగేశ్వరమ్మ

*

ఆళ్లగడ్డ,
18-8-1957

పూజ్యులైన అమ్మగారికి వందనాలు.

నాలుగు వారాలకు పైగా రాశాను. మీరు చెప్పనిది ఒకటి కూడా చేశాను, కోపగించుకోకండి. రెండో వారం నుంచి లెక్కల వేళ నేను పోయి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను, నేనూ గోడవైపే తిరిగి. తరగతికి నా వీపు. గోడమీద సున్నం పెచ్చులూడి ఏనుగు ఆకారం ఒకటుంది. మేమిద్దరం దాన్ని చూసుకుంటూ కూడికలు చేస్తాం. పలక తన ఒళ్లో పెడతాను, చేసి నా ఒళ్లో పెడుతుంది. ఒక్క తప్పు లేదు.

హెడ్మాష్టరుగారు వాకిట్లో నిలబడి చూశారు. “ఏందమ్మా, గోడకు పాఠం చెప్తాండావా? ఒప్పజెప్పిందా మరి?” అన్నారు. పిల్లలంతా నవ్వారు. బడి ఊడ్చే హన్నమ్మకయితే నిజంగానే దిగులు. “నాయమ్మే, నువ్వు గూడ అట్ల తిరుక్కుంటివే, నీకూ తాయెత్తు తేవాల్నా ఏంది?” అంది. ఆ మాటకు యశోద భుజాలు కదిలాయి. నవ్విందని పుస్తకంలో రాశాను. మళ్లీ కొట్టేసి, “భుజాలు కదిలినవి” అని రాశాను. మీరు చెప్పినట్టే.

ఇంకొకటి. బయట ఎవరైనా పేరుపెట్టి గట్టిగా పిలిస్తే, ఎవరి పేరైనా సరే, ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వింటుంది. తన పేరు కాదని తెలిశాక వదులుతుంది.

పుస్తకం మొదటి భాగం బస్సులో పంపుతున్నాను. అమ్మగారూ, దీన్ని ఇంకెవరికీ చూపించకండి. ఊళ్లు దగ్గర, మనుషులు దగ్గర.

లూదియా

*

నంద్యాల,
25-8-1957

చి. లూదియాకు ఆశీర్వాదాలు.

పుస్తకం చేరింది. దీపం పెట్టేవేళ తెరిస్తే వంట సంగతి మరిచిపోయాను. ఎంతమంది చేత రాయించాను ఇలాంటివి! అన్నీ పరీక్ష కోసం ఒకరినుంచి ఒకరు ఎక్కించుకున్నవే. “పిల్లవాడు బిడియస్థుడు, ప్రోత్సాహం అవసరం” అని నలభై పుస్తకాల్లో నలభైసార్లు దిద్దాను. నీ పుస్తకంలో ఒక పిల్ల ఉంది.

గోడవైపు కూర్చోవడం ఏ పుస్తకంలోనూ లేదు. నాకయితే తోచేది కాదు.

పేరు పిలవడం దగ్గర ఏదో ఉంది. వదలకు. తల్లి పోయిన రోజు సంగతి ఎప్పుడైనా అడిగే సందు దొరుకుతుందేమో చూడు. కారణం దొరికితే దారి దొరుకుతుంది. రెండో భాగం కూడా తప్పకుండా పంపు, సంక్రాంతి దాటాక మాకు ఇన్స్పెక్షను ఉంది, ఆ లోపల నేను దీన్ని శ్రద్ధగా చదవాలి.

నాగేశ్వరమ్మ

*

ఆళ్లగడ్డ,
29-9-1957

పూజ్యులైన అమ్మగారికి,

యశోద మాట్లాడింది.

గురువారం లెక్కలు అయిపోయాయి. పిల్లలు బయటికి ఆటకు పోయారు. మేమిద్దరమే గోడవైపు. నేనేమీ అడగలేదు, మీరు అడగమన్నా నాకు నోరు రాలేదు. తనే అంది.

“టీచరమ్మా, ఇంగ తిరగొచ్చునా?”

“తిరుగు తల్లీ. ఎవరొద్దన్నారు?”

“మాయమ్మ పిలవల్యా ఇంగా.”

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. విన్నది విన్నట్టు పుస్తకంలో రాశాను. ముందురోజు వాళ్ల నాయన అమ్మను కొట్టాడు, అవ్వ అన్నం పెట్టలేదు. తెల్లవారి చేని బావికి తల్లి ఈ పిల్లను వెంట తీసుకుపోయింది. గట్టుమీద కూర్చోబెట్టి, కడవ చేతికిచ్చి, “అటుపక్కకు తిరుక్కోమ్మా, నేను పిలిచేదాకా తిరగాకు” అంది. ఈ పిల్ల తిరుక్కుంది. నీళ్ల చప్పుడు వినింది. పిలుస్తుందని కూర్చుంది. ఎండ నెత్తిమీదికొచ్చేదాకా కూర్చుంది. “అమ్మ జారల్యా టీచరమ్మా. అవ్వ జారిందని చెప్పమనె. నేను తిరిగి చూసింటే...” అక్కడ ఆపేసింది.

ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. చెప్పనన్నాను. దేవుని తోడు అన్నాను.

మరునాడు వచ్చి పక్కకు తిరిగి కూర్చుంది. పూర్తిగా కాదు. ఒక చెవి, ఒక చెంప కనిపించాయి. ఇన్నాళ్లకు ఆ పిల్ల చెంప చూశాను.

అమ్మగారూ, ఇప్పుడు నేను ఏం చేయాలి? ఇంతవరకు మీరు చెప్పిన దారిలో వచ్చాను. కారణం దొరికింది. ఇంటికి పోతే ఆ తండ్రి, ఆ అవ్వ. పోలీసులకు చెప్పాలా? చెప్తే పిల్ల గతేమిటి? నాకు భయంగా ఉంది. వెంటనే రాయండి. రెండో భాగం పంపుతున్నాను. మీ కంట తప్ప ఇంకెవరి కంటా పడకూడదు.

లూదియా

*

నంద్యాల,
15-10-1957

చి. లూదియాకు ఆశీర్వాదాలు.

జవాబు ఆలస్యమైంది, దసరా సెలవుల హడావిడి. నువ్వు చేసింది నేను ఇన్నేళ్లలో చేయలేకపోయాను. ఈ మాట గురువుగా చెప్పడం లేదు.

ఏం చేయాలని అడిగావు. తొందరపడకు. ఆ పిల్ల నమ్మకం నిలుపుకో. చెంప చూపింది, ముఖం కూడా చూపుతుంది. ఇలాంటి విషయాల్లో కాలమే మందు అని పుస్తకాలు కూడా అంటాయి. నేను ఇంకా ఆలోచించి రాస్తాను.

పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. నీ చేతిరాత కూడా ఎంత చక్కగా ఉందో!

నాగేశ్వరమ్మ

*

ఆళ్లగడ్డ,
10-11-1957

పూజ్యులైన అమ్మగారికి,

యశోదను తీసుకుపోయారు.

సోమవారం పొద్దున ప్రార్థన జరుగుతుండగా శేషారెడ్డి నేరుగా వరసల మధ్యకు వచ్చాడు. వెనక ఇద్దరు. నా ఎదురుగా నిలబడి, “ఏమ్మా, పిల్లోల్లకు అచ్చరాలు నేర్పమని పెట్టుకుంటే, మా బావిలో దిగి దేవులాడుతాండావా? నంద్యాలలో నలభైమంది ఆడోల్ల ముందర మా ఇంటి సంగతి చదివించినావంటనే! మా దాయాది బిడ్డ దీపావళికొచ్చి చెప్పకపోతే మాకు తెలుసునా?” అన్నాడు. నేను లేదన్నాను. నిజంగానే లేదన్నాను. “అటు తిరుక్కోమన్యాదంట, పిలవల్యాదంట. ఈ మాటలు యాడివి మరి?” అన్నాడు.

ఆ మాటలు నా పుస్తకంలోవి. అక్షరం తేడా లేదు.

హెడ్మాష్టరుగారు మధ్యకు వచ్చి, “చిన్నపిల్ల అప్పా, తెలియక చేసింది, పోనీలే” అని నా తరఫున క్షమాపణ చెప్పారు. యశోద చెయ్యి పట్టుకొని ఈడ్చుకుపోయాడు. వాకిలి దాటేముందు ఆ పిల్ల నావైపు తిరిగింది. పూర్తిగా, ముఖమంతా. నేను నాలుగు నెలలుగా ఎదురుచూసింది ఆ ముఖం కోసమే.

“చెప్పనంటివే” అంది.

అమ్మగారూ, మీరు ఎవరికీ చదివి ఉండరని నాకు తెలుసు. మీ బల్లమీద పెట్టి ఏ పనిమీదో బయటికి పోయి ఉంటారు. ఎవరో అమ్మాయి తెరిచి చదివి ఉంటుంది. ఎవరో కనుక్కొని నాకు రాయండి. ఆ ఒక్కమాట పట్టుకొని వాళ్లింటికి పోయి, నేను ద్రోహం చేయలేదని ఆ పిల్లకు చెప్పాలి.

లూదియా

*

నంద్యాల,
17-11-1957
(కార్డు)

లూదియాకు,

నీ ఉత్తరం అందింది. మనసు బాగాలేదు. కార్డుమీద రాయగలిగింది కాదు. విచారించి రాస్తాను. తొందరపడి వాళ్లింటికి పోవద్దు.

నా.

*

నంద్యాల,
8-12-1957

లూదియా,

మూడు వారాలు ఈ ఉత్తరం రాసి చింపాను. విచారించడానికి ఏమీ లేదు. బల్లమీద ఎవరూ తెరవలేదు. నేనే చదివాను.

శనివారం క్లాసు నీకు గుర్తుండే ఉంటుంది. ఎవరో ఒకరి పాఠమో రికార్డో ముందుపెట్టి, అందరూ తప్పొప్పులు చెప్పే క్లాసు. దసరా సెలవులయ్యాక మొదటి శనివారం నీ పుస్తకం తీసుకుపోయాను. పేరు మార్చాను. యశోదను కమల అన్నాను. ఆ పిల్లది ఏ ఊరో చెప్పలేదు. అంత జాగ్రత్త చాలుననుకున్నాను. గోడను మార్చలేదు, బావిని మార్చలేదు. అవి మారిస్తే పరిశీలన ఏం మిగులుతుంది అనుకున్నాను. చివరి పుట కూడా చదివాను. ఆ పిల్ల మాటలు ఆ పిల్ల మాటల్లోనే చదివాను. గొంతు కూడా కొంచెం తగ్గించాను లూదియా. బాగా చదివాను.

వెనక వరసలో శిరివెళ్ల నుంచి వచ్చిన ప్రమీలమ్మ అనే అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నా పాఠం ఈ రోజు బాగా వచ్చింది అనుకున్నాను. ఆ రాత నీ చేతిరాత అని మాత్రం గర్వంగా చెప్పాను. ఆళ్లగడ్డలో పనిచేస్తోందని కూడా.

చూపించవద్దని నువ్వు రెండుసార్లు రాశావు. మరిచిపోయి కాదు. నలభైమంది రేపు నలభై ఊళ్లకు పోతారు, ఒక్కరైనా బెత్తం పారేస్తారు, అందుకోసం ఒక మాట తప్పితే తప్పేముంది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది నిజమే. దాని కింద ఇంకొకటి ఉంది. ఇన్స్పెక్షనుకు చూపడానికి నా దగ్గర మొదటిసారి ఒక నిజమైన పుస్తకం ఉంది. ఇది కూడా నిజమే. ఏది ఎంత పాళ్లో నాకు తేలడం లేదు. తేలినా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

నువ్వు ఏం చేయాలని అడిగినప్పుడు, తొందరపడకు అని రాశాను. అప్పటికి క్లాసు అయి మూడు రోజులు. నాకు జవాబు తెలియక అలా రాశాను. చేతిరాతను మెచ్చుకున్నాను.

ప్రమీలమ్మను పిలిపించాను. శేషారెడ్డి దాయాదుల బిడ్డేనట. “మా యమ్మతోనే చెప్పినాను మేడం, ఆ పాపను ఎవరన్నా బాగ చూసుకుంటారేమోనని” అంది. పాపం, అది కూడా మంచికే చెప్పింది. మనమంతా మంచికే చెప్పాం.

శేషారెడ్డికి నేనే వచ్చి నా తప్పని చెప్తాను. ఎప్పుడు రమ్మంటావు?

నాగేశ్వరమ్మ

*

ఆళ్లగడ్డ,
2-3-1958

నాగేశ్వరమ్మగారికి,

మీరు రావద్దు. శేషారెడ్డికి ఎవరు చదివారన్నది లెక్కలోది కాదు. పిల్ల నోరు తెరిచింది అన్నదే లెక్క.

యశోదను డోన్ దగ్గర మేనత్త ఊరికి పంపేశారని హన్నమ్మ ఆరా తీసి చెప్పింది. పోయిన శనివారం పోయాను. నంద్యాల స్టేషనులో బండికోసం రెండు గంటలు కూర్చున్నాను. మీ ఇల్లు నడిచిపోయే దూరమే. రాలేదు.

ఎవరని అడిగితే బడి కాగితాలమీద వేలిముద్ర కావాలని అబద్ధం చెప్పాను. ఆ మేనత్త చెడ్డది కాదు. మజ్జిగ ఇచ్చింది. “వొచ్చిన కొత్తలో గోడకు మొగం పెట్టుకొని కూచుంటాండె. మా ఆయన నాలుగు దినాలు గట్టిగ చూసుకున్యాడు. ఇప్పుడు బాగైంది సూడమ్మా, చెప్పినట్ల వింటాది, ఎవురొచ్చినా ఇట్లే తిరిగి కూచుంటాది” అని పిలిచింది.

యశోద వచ్చింది. తల గొరిగించారు. పెద్ద అరుగుమీద మావైపే తిరిగి, రెండు చేతులు మోకాళ్లమీద పెట్టుకొని కూర్చుంది. ఎంత సరిగ్గా కూర్చుందంటే, మన ట్రైనింగులో తరగతి క్రమశిక్షణకు బొమ్మ గీయమంటే అలాగే గీసేవాళ్లం. నన్ను చూసింది, గుర్తుపట్టింది. ఒక చెయ్యి మెల్లగా ఎత్తి నోటిమీద పెట్టుకుంది. నేనున్నంతసేపు తీయలేదు. మజ్జిగ ఇచ్చినా తీయలేదు.

నేను ఒక్కమాట చెప్దామని పోయాను. ఆ చెయ్యి చూశాక, నేను చదివించలేదు అని చెప్పడం నాకోసమే అనిపించింది. చెప్పకుండా వచ్చేశాను.

లూదియా

*

నంద్యాల,
16-3-1958

లూదియా,

నీ ఉత్తరం జాకెట్టులో పెట్టుకొని క్లాసుకు పోతున్నాను. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరిలో ఇన్స్పెక్షను జరిగింది. నేను పుస్తకం దాచాను. కానీ శనివారం క్లాసు సంగతి మా హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పి ఉంది. ఆఫీసరుగారు పట్టుబట్టి చూశారు. చాలా మెచ్చుకున్నారు. నకళ్లు తీయించి మిగతా ట్రైనింగు స్కూళ్లకు మాదిరిగా పంపమన్నారు. చివరికి ఆ పిల్ల బాగుపడిందా అని అడిగారు. “బాగుపడే ఉంటుంది” అని ఆయనే రాసుకున్నారు.

నకళ్లు తీయించలేదు. పుస్తకం పోయిందని రాసి ఇచ్చాను, సంజాయిషీ అడుగుతారు, అడగనీ. రిజిస్టరు పోస్టులో నీకు పంపుతున్నాను. కాల్చేయదలుచుకుంటే కాల్చేయి.

ఉద్యోగం వదిలేద్దామని రెండుసార్లు కాగితం తీశాను. వదిలితే నా మనసు తేలికవుతుంది. నా మనసు తేలిక కావడానికి ఎవరు బాకీపడ్డారని? జూన్‌లో కొత్తవాళ్లు నలభైమంది వస్తారు. చూడండి, రాయండి, మాట్లాడించండి అని మళ్లీ చెప్పాలా? చెప్పకపోతే వాళ్లు బెత్తం పట్టుకుంటారు. చెప్తే ఎక్కడో ఇంకొక పిల్ల నోరు తెరుస్తుంది. నలభైనాలుగేళ్ల వయసులో, నీకన్నా ముందు పాఠం తెలిసినదాన్ని, నిన్నే అడుగుతున్నాను. వాళ్లకు ఏం చెప్పమంటావు?

నాగేశ్వరమ్మ

*

ఆళ్లగడ్డ,
6-4-1958

నాగేశ్వరమ్మగారికి,

పుస్తకం చేరింది. కాల్చలేదు. ఆ మాటలు నావి కావు, మీవి కావు. పెట్టెలో అడుగున పెట్టాను.

కొత్తవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు. పిల్ల నోరు తెరిచేదాకా ఏం చేయాలో మీరు మాకు బాగా నేర్పారు. తెరిచాక ఏం చేయాలో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ తెలియదన్న మాట మొదటిరోజే వాళ్లకు చెప్పండి. చెప్పి తర్వాత ఏమైనా నేర్పండి.

నా సంగతి అడగలేదు కానీ రాస్తున్నాను. బెత్తం నేను ఇంకా ముట్టుకోలేదు. హెడ్మాష్టరుగారు నాతో ఇప్పుడు మర్యాదగానే ఉంటారు. అయిదో తరగతి వాళ్లంతా నల్లబల్లవైపే తిరిగి కూర్చుంటారు.

మొన్న ఇంటర్వెల్లో మూడో తరగతి పిల్ల ఒకతె వచ్చి నా కొంగు పట్టుకుంది. పేరు కృపావరం. అటూ ఇటూ చూసి, “టీచరమ్మా, నీకొగటి చెప్పాల. ఎవురికీ చెప్పవు కదా?” అంది.

“పలక తెచ్చుకోపో, లెక్క చేద్దాం” అన్నాను.

నా కొంగు వదిలింది. తర్వాత పోయి తెచ్చుకుంది. రెండు కూడికలు, ఒక తీసివేత. అన్నీ సరిగ్గా చేసింది.

లూదియా